నీలం చొక్కా తోరణం

"నా చొక్కా!"

హాస్టల్ వరండాలో ఆ కేక వినిపించేసరికి తబితా చేతిలోని సూది వేలికి గుచ్చుకుంది. ఎదురుగా జస్టిన్. హాస్టల్లో వంట చేసే ఆరోగ్యమ్మ కొడుకు, కొత్తగూడెంలో మోటార్ మెకానిక్. తల్లిని చూడటానికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంకతో వరండా వైపు వచ్చేవాడు. జూన్‌లో కొత్తగా వచ్చిన టీచర్ తబితా కూడా సరిగ్గా ఆ వేళకే పిల్లలను అక్కడ కూర్చోబెట్టుకునేది.

ఆ సాయంత్రం ఆరోగ్యమ్మ రిటైర్మెంట్ పార్టీ. జూలూరుపాడులో ఫ్లెక్సీలు కట్టడం అప్పుడప్పుడే మొదలైంది. పిల్లలు మాత్రం "బ్యానర్ మేమే కుడతం టీచర్" అని పట్టుబట్టారు. పాత గుడ్డలను అక్షరాలుగా కత్తిరించి, పొడవాటి తెల్లగుడ్డ మీద ఆమె పేరు కుడుతున్నారు.

అందులో 'ఆ' నీలంగా మెరిసిపోతోంది. దానికి జేబు కూడా ఉంది.

"తీగ మీద దొరికిందన్నా. పాతదనుకున్న," అంటూ గోరి అనే పిల్ల కత్తెర వెనక్కి దాచుకుంది.

"పాతదా? రేపు ఎర్రుపాలెం ఏసుకపోదామని కొన్న!"

"అక్కడేముందంట?" నవ్వు ఆపుకుంటూ అడిగింది తబితా.

"పిల్లని చూసేటందుకు..." జస్టిన్ తల దించుకున్నాడు.

తబితాకు నవ్వు ఆపుకోవాల్సిన పని లేకపోయింది.

"ఇంకో చొక్కా కొనిస్త. తప్పకుండ పోండి."

"గంత జల్దీ పంపిస్తున్నరేంది?"

"ఆపేటందుకు నేనెవర్ని?"

జస్టిన్ పిల్లల మధ్య చతికిలబడి, సూది అందుకుని 'మ్మ' కుట్టడం మొదలుపెట్టాడు.

"టీచర్! అన్న వత్తు తలకిందులు కుట్టిండు!" పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

ఇంతలో వాన జల్లు వరండాలోకి కొట్టింది. అందరూ బ్యానర్ ఎత్తుకుని లోపలికి ఉరికారు. గుడ్డ తడవకుండా ఒక కొస తబితా, రెండో కొస జస్టిన్ పట్టుకున్నారు.

"టీచర్, నాకు ఎర్రుపాలెం పోబుద్ధి అయితలేదు."

"ఎందుకు?"

"చూడాల్సిన పిల్లని జూన్ నుంచి చూస్తనే ఉన్న."

"ఏ పిల్లనన్నా?" పిల్లల్లోంచి ముత్యాలు తల ఎత్తాడు.

తబితా బుగ్గలు వేడెక్కాయి. "ఆ పిల్లని అడిగిండ్రా?"

"భయమైతంది."

"జెర గట్టిగ అడగండి. వాన చప్పుడుకు వినపడ్తలేదు."

"నన్ను పెళ్లి చేసుకుంటవా తబితా?"

అది వంటింటి దాకా వినపడింది. ఆరోగ్యమ్మ గుమ్మంలోకి వచ్చింది. పిల్లలు బ్యానర్ దాచబోయారు గానీ, ఆమె అప్పటికే తన పేరు కూడబలుక్కుని చదువుతోంది. కళ్లు తుడుచుకుంటూ తబితా వైపు తిరిగింది.

"వాడు అడిగిండు గద. నువ్వేమంటవు బిడ్డా?"

"అవ్," అంది తబితా, వాన చప్పుడు కంటే చిన్నగా.

ఆరోగ్యమ్మ ఆమె నుదుటి మీద వేలితో సిలువ గుర్తు వేసింది. "ఎర్రుపాలెం వాళ్లకు నేను చెప్పుకుంట. నువ్వు మీ నాయనకు ఫోన్ కొట్టు. పార్టీకి రమ్మను, నేనే అడుగుత."

తబితా హాస్టల్ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ వైపు వానలోనే పరుగు తీసింది. జస్టిన్ గొడుగు పట్టుకుని ఆమె వెంట ఉరికాడు. దాన్ని తెరవాలన్న సంగతి బూత్ చేరేదాకా ఇద్దరికీ గుర్తురాలేదు.