ఇరుక్కున్న మూడో పేజీ

ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని రికార్డుల గదిలో, మధ్యాహ్నం మూడింటికి మెకానిక్ ఒక పాత లేజర్ ప్రింటర్ నోట్లోకి టార్చి వేసి చూస్తున్నాడు. నిజానికి అతను పనికని రాలేదు. పొద్దున భార్యకి కడుపులో ఆపరేషన్ అయింది. పైన పదిహేడో మంచం. మత్తు ఇంకా దిగలేదు, పక్కన మరదలు కూర్చుంది. వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే అతని పని తెలిసిన రికార్డుల గుమస్తా పట్టుకుంది.

"అన్నా, నాలుగు రోజులైంది, ఒక్క కాగితం కూడా లాగడం లేదు. కాస్త చూడవా?"

చూడకేం? ఊరికే కూర్చుంటే బుర్ర తొలిచేస్తోంది. పైగా ముప్పై ఏళ్ళుగా ఇదే పని. కాగితాన్ని లాగే రబ్బరు రోలర్ అరిగి అరిగి సబ్బుబిళ్ళలా నున్నగా అయింది. ఆ మోడల్‌కి కొత్త రోలర్లు దొరకవు. ఉన్నదాన్నే గరుకు కాగితంతో రుద్దాడు, స్పిరిట్‌తో తుడిచాడు, వేలితో తిప్పి చూశాడు.

"ఇంక చూడమ్మా, పట్టిందంటే వదలదు."

"లోపల ఆగిపోయిన ప్రింట్లు మూడున్నాయి. తీసెయ్యనా?"

"అవి బయటికొస్తేనే కదా బాగైనట్టు!"

కొరివితో తల గోక్కోవడమంటే అదే. పాపం, అతనికేం తెలుసు.

మిషన్ మూలిగింది. కాలిన ఇంకుపొడి వాసన వేసింది. వెచ్చగా ఒక కాగితం జారింది. మరణ ధ్రువపత్రం. పదకొండో మంచం ముసలాయనది. ఈ రోజు తేదీ, టైం మూడూ ఇరవై.

గుమస్తా గోడ గడియారం వైపు చూసింది. మూడూ ఇరవై.

"ఇది నేను పంపలేదన్నా. ఆయన రేపు ఇంటికెళ్తున్నాడు..." అంటుండగానే బల్ల మీద ఫోన్ మోగింది. విని పెట్టేసింది. "పదకొండు. ఇప్పుడేనట."

ఏదో కాకతాళీయంలే అని ఇద్దరూ సర్దిచెప్పుకున్నారు. మనిషి మనసు అంతే, తనకి కావలసిందే నమ్ముతుంది. అతను స్క్రూలు ఏరుకున్నాడు.

మూడూ ఇరవై ఆరుకి రెండో కాగితం. పద్నాలుగో మంచం. మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి గుమస్తా ఎత్తలేదు.

రోలర్ మూడో కాగితాన్ని అందుకుంది.

అతను దూకి ప్లగ్ పీకేశాడు. అచ్చంతా పడ్డ పేజీ చివరి రోలర్ల మధ్య ఆగింది. బయటికొచ్చిన బెత్తెడు అంచు మీద భార్య పేరు, టైం మూడూ నలభై.

"బయటికి రాలేదు కదా... రాలేదు కదా..." అన్నాడు.

జేబులో సెల్ మోగింది. మరదలు.

"బావా, అక్కకి మెలకువొచ్చింది. కానీ మాట రావడం లేదు. గొంతులో ఏదో అడ్డం పడిందని సైగ చేస్తోంది. డాక్టర్‌కి కబురు పెట్టాం..."

ఆమె మాటల వెనక భార్య ఊపిరి వినబడుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా... కాగితం నలిగిన చప్పుడు.

"చింపెయ్యన్నా," గుసగుసగా అంది గుమస్తా. "లోపలే ముక్కలు చేసెయ్."

చింపుదామనే చెయ్యి పెట్టాడు. ఒట్టు, చింపుదామనే. కానీ ఇరుక్కున్న కాగితాన్ని ఏ మెకానిక్కూ చింపడు. ముక్క లోపలుంటే మిషన్ పాడవుతుంది. రెండు చేతులా పట్టుకుని, అది నడిచే దారిలోనే, మెత్తగా ముందుకి లాగాలి. ముప్పై ఏళ్ళ చేతులు మనసు మాట వినలేదు.

పేజీ చిరుగు లేకుండా బయటికొచ్చింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"హమ్మయ్య," అంది ఫోన్‌లో మరదలు. "అడ్డం పోయినట్టుంది బావా. హాయిగా కళ్ళు మూసుకుంది."

గడియారం మూడూ నలభై.

"అక్కా... అక్కా... బావా..."

అతను నేల మీద కూలబడ్డాడు. నా చేతులతో నేనే తీశాను, నేనే తీశాను అని ఏడ్చాడు. గుమస్తా అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

ప్లగ్ నేల మీదే పడి ఉంది. లోపల రోలర్ తిరిగింది.

నాలుగో కాగితం మెల్లగా జారి ట్రేలో పడింది. ఇద్దరూ వంగి చూశారు. పేరు గడి ఖాళీగా ఉంది. మంచం నంబరూ లేదు. టైం మాత్రం పడింది... నాలుగూ ఐదు.