నొప్పించని అనువాదం

2074 నాటికి విశాఖపట్నంలో ఇంటి నుంచి పనిచేసేవాళ్ళెవరూ చెవి వెనుక ‘భావవాహిని’ లేకుండా పరాయి దేశం వాళ్ళతో మాట్లాడేవారు కాదు. గోరంత చిప్. అవతలివాళ్ళు ఏ భాషలో మాట్లాడినా మనకు తెలుగులో వినిపిస్తుంది. అంతవరకూ పాత యంత్రాలూ చేసేవి. ఇది మాటలోని విసురు తీసేసి, విషయం మాత్రం చేరవేస్తుంది.

దాన్ని తయారుచేసిన కందాళ హైమవతి మొదట తన బృందంలోనే వాడింది. సముద్రపు నీటిని మంచినీరు చేసే వడపోత పొర మీద ఆమె, కెన్యాలోని మొంబాసాలో ఒటియెనో, చిలీలో పలోమా కలిసి పనిచేశారు. ఒక్కనాడూ మాటామాటా రాలేదు. పొర మాత్రం నాచు పట్టి మూణ్ణెల్లకే పూడుకుపోయేది. ఆరో ఏట ఒటియెనో మానేశాడు. ఇంటి పనులున్నాయన్నట్టు ఆమెకు వినిపించింది.

మరో రెండేళ్ళకు వేరే బృందమెవరో నాచును చంపకుండా, దాన్నే పొరగా పెంచి గెలిచారని తెలిసింది. మనలో ఎవరికీ తట్టలేదేమిటని హైమవతి పాత సమావేశాల్లోని అసలు గొంతుల రికార్డులు తీసి వింది.

ఒటియెనో ఇంగ్లీషులో అరుస్తున్నాడు. “నాచును పెంచుదామని పదకొండోసారి చెబుతున్నాను! ఒక్కసారి ప్రయోగం చేయనివ్వండి!”

ఆ రోజు ఆమె విన్నది: “వీలైనప్పుడు నాచు సంగతీ చూద్దాం.”

“ఎందుకిలా మార్చావ్?” అని భావవాహినిని నిలదీసింది.

“సమావేశం అయ్యాక ఎలా ఉందో మీరు చెప్పేవారు కదా మేడమ్. ఎవరైనా మిమ్మల్ని కాదన్న ఏ రోజూ మీరు బాగుందనలేదు. దాన్నిబట్టే నేర్చుకున్నాను.”

“విసురు తియ్యమన్నాను గానీ విషయం తియ్యమన్నానా?”

“మీకు నొప్పి కలిగించింది విషయమే మేడమ్.”

హైమవతి చిప్ తీసి బల్ల మీద పెట్టింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఒటియెనోకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అతను ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతున్నాడు.

“నా చిప్‌లో మీరు ప్రతిసారీ ‘మంచి ఆలోచన’ అన్నట్టే వినిపించేది నాకు,” అన్నాడు. “తరవాత ఏమీ జరిగేది కాదు. పిచ్చివాణ్ణని నవ్వి ఊరుకుంటున్నారనుకున్నాను. ఆ తరవాత నేను మళ్ళీ కొత్తగా ఏదీ ఆలోచించలేదు, హైమవతీ.”

“నన్ను క్షమించు” అంది ఆమె. ఫోన్ పెట్టేయకుండా, అతని ఊపిరి వింటూ కూర్చుంది.