నీటికుక్క మొదటి అచ్చు

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి వచ్చినావిడ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, "మా అచ్చులన్నీ ఎవరో పగలగొట్టేశారండీ. రేపే ఆఫీసరుగారొస్తున్నారు," అంది.

"ముందు కూర్చోండి. మాస్టారూ, మంచినీళ్ళు," అంది వేలిముద్రల మేడమ్.

ఇరవై రెండేళ్ళు పోలీసుశాఖలో వేలిముద్రలు పోల్చి, బయటికొచ్చి సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్న ఆమెను ఊరంతా అలాగే పిలుస్తుంది. మాస్టారు ఆమె సహాయకుడు. డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక, ఇంట్లో రెండో గ్లాసు కడగాల్సిన పని లేకపోవడం భరించలేక ఇక్కడ చేరారు. మేడమ్ ఏం చెప్పినా ముందు ఆశ్చర్యపోయి, ఆ తర్వాత అర్థం చేసుకోవడం ఆయన పద్ధతి.

వచ్చినావిడ ఊరి చివర ఏటి దగ్గరున్న నీటికుక్కల సంరక్షణ కేంద్రానికి డైరెక్టరు. ప్రభుత్వం ఆ కేంద్రానికి ఆరేళ్ళపాటు నిధులిచ్చింది. దానికి ఒక షరతు పెట్టింది. ఏడాదికి రెండుసార్లు గట్టు బురదలో నీటికుక్క అడుగు వెతికి, అందులో ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక అచ్చు తీసి దాచాలి. జంతువు ఇంకా అక్కడే ఉందనడానికి అదే సాక్ష్యం. ఆరేళ్ళకు పన్నెండు అచ్చులు. అవి చూసి రేపు మరో ఆరేళ్ళకు నిధులు పొడిగించాలి.

"నిధులుంటే ఎనిమిదిమంది వాచర్లుంటారు," అంది డైరెక్టరు. "వాచర్లుంటేనే ఆ అయిదు కిలోమీటర్లలో ఇసుక తవ్వకుండా ఆపగలం. అచ్చులు పోతే ఏరు పోయినట్టే."

"ఎప్పుడు చూశారు?"

"ఇవాళ పొద్దున్నే. నిన్న ఆదివారం, ఆఫీసు లేదు. తలుపు తీసేసరికి హాలు నిండా ముక్కలు. ఆఫీసరుగారికి ఫోన్ చేస్తే, రేపటికల్లా విచారణ రిపోర్టు చూపించమన్నారు. లేకపోతే నిర్లక్ష్యమని రాసి ఫైలు మూసేస్తారట. నేనేదీ ముట్టుకోలేదండీ. తాళం వేసి తిన్నగా ఇటే వచ్చాను."

"ఎవరిమీదైనా అనుమానం?"

"ఇసుక కాంట్రాక్టరు. పోయిన నెల నా మొహం మీదే అన్నాడు, మీ కుక్కల సంగతి తేలుస్తానని."

మాస్టారు గ్లాసు అందించారు. చెయ్యి చాచి అందుకుంది. ఆవిడ వాచీ పట్టీ మడతల్లో తెల్లటి పొడి కనబడింది. ముప్ఫయ్యేళ్ళు సుద్దముక్క పట్టిన మనిషి కనక ఆయనకు అది ముందు కనబడుతుంది. పాపం, హడావుడిలో చూసుకోలేదేమోనని జేబురుమాలు తీసిచ్చారు. ఆవిడ తుడుచుకుని, ఆయన మొహం చూడకుండా తిరిగిచ్చింది.

*

కేంద్రం అంటే ఒక హాలు, వెనక ఒక స్టోరు గది, ముందు వరండా. హాల్లో అద్దాల బీరువా. దాని అద్దాలు చెక్కుచెదరలేదు. తాళంచెవి ఎప్పటిలాగే పక్కన మేకుకు వేలాడుతోంది. లోపల పన్నెండు అట్టపెట్టెలు, మూతలు తీసి ఖాళీగా ఉన్నాయి. నేలమీద ప్లాస్టరు ముక్కలు, వాటి మధ్య చీటీలు. వెనక తలుపు గడియ ఊడి ఉంది.

బీరువా పైన, గోడకూ చెక్కకూ మధ్య సందులో పిచ్చుక గూడు ఉంది. పిచ్చుక గుడ్లమీద కూర్చుని, కొత్తవాళ్ళను చూసి తల అటూ ఇటూ తిప్పింది గానీ లేవలేదు.

"ధైర్యమైన తల్లి," అన్నారు మాస్టారు.

"లేదా దాన్నెవరూ భయపెట్టలేదు," అంది మేడమ్. వంగి, ముక్కల మధ్య నేలమీద చూపుడువేలు గట్టిగా రాసి ఆయనకు చూపించింది. "ఏం కనిపిస్తోంది?"

"ఏమీ లేదండీ."

"కదా?"

మాస్టారు ఆశ్చర్యపోయారు. అర్థం ఇంకా కాలేదు.

స్టోరు గదిలో ప్లాస్టరు బస్తాలు, బురదలో వేసుకునే రబ్బరు బూట్లు, ఒక సుత్తి ఉన్నాయి. ఒక గోనెసంచి నాలుగు మడతలు పెట్టి ఉంది. నేల కడిగారు. నీళ్ళు పోయే తూము అంచున తెల్లటి పెచ్చు కట్టింది. మేడమ్ దాన్ని గోటితో గీకి, కాగితంలో పొట్లం కట్టింది.

ఇసుక కాంట్రాక్టరు కబురు పెట్టకుండానే వచ్చాడు. వరండా మెట్టుమీద కాలు పెట్టి, తెరిచిన తలుపులోంచి హాలంతా చూసి, "నా పేరు అప్పుడే ఎక్కించారా రిపోర్టులో?" అని అడిగాడు.

"ఇంకా లేదు. ఎక్కించమంటారా?"

"మేడమ్, నాకు నాలుగు లారీలున్నాయి. కోపమొస్తే గోడ కూల్చేవాణ్ణి గానీ, బీరువా తాళం తీసి, సుద్దముక్కలు పగలగొట్టి, మళ్ళీ చెవి మేకుకు తగిలించి పోతానా? నేనేమన్నా ఇంటికొచ్చిన కొత్తల్లుణ్ణా, అంత మర్యాదకి!"

మాస్టారికి నవ్వొచ్చింది. డైరెక్టరు మొహం చూసి ఆపుకున్నారు.

"నిన్న ఎక్కడున్నారు?"

"మా చెల్లెలి కూతురి నిశ్చితార్థంలో. మూడొందలమంది చూశారు. వాళ్ళలో సగంమందికి నేనంటే పడదు, అయినా సాక్ష్యం చెప్తారు."

ఆ తర్వాత వచ్చినాయన వాచర్లలో పెద్దవాడు. డైరెక్టరుతో సహా అందరూ బాబాయ్ అంటారు. అరవై దాటినా ఏటి వెంట నడిచే మనిషి కనక నిటారుగా ఉన్నాడు. హాల్లో ముక్కలు చూసి, చెప్పులు విడిచి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అచ్చులు తీసేదెవరు బాబాయ్?" అడిగింది మేడమ్.

"మొదటిది ఈ అమ్మాయిగారే తీశారమ్మా, కేంద్రం తెరిచిన రోజున. తర్వాత అన్నీ నేనే. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. పైగా ఆ రాత పనంతా ఎవరు చేస్తారు? నెలకో రిపోర్టు, మూడు నెలలకో రిపోర్టు."

"అచ్చు తెచ్చి ఎవరికిస్తారు?"

"ఆవిడకే. చీటీ రాసి అంటించి పెట్టెలో పెడతారు." ఆయన గొంతు తగ్గించాడు. "మొదటిది కూడా పగిలిందామ్మా?"

"ఎందుకలా అడుగుతున్నారు?"

"ఊరికే. మొదటిది కదా."

డైరెక్టరు కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఏరు అక్కడికి కనబడదు, గట్టు మీది రెల్లు మాత్రమే కనబడుతుంది.

"మీరు ఏటి దగ్గరికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?" మామూలుగా అడిగింది మేడమ్.

ఆవిడ ఇటు తిరగలేదు. "గుర్తులేదండీ," అంది.

*

మధ్యాహ్నమంతా మాస్టారు వరండా బల్లమీద ముక్కలు అతికించారు. ఏ అంచు ఏ అంచుకు కలుస్తుందో ఆయన వేళ్ళకు తెలుసు. ఒక్కో అచ్చూ పూర్తవగానే, అరికాలు పైకీ, మడమ తన వైపూ, వేళ్ళు అవతలి వైపూ ఉండేలా వరసలో పెట్టారు. అయిదు వేళ్ళు, వాటి మధ్య పొర. లోపలి వేలు మిగతావాటికంటే చిన్నది, కాస్త కిందికి ఉంటుంది. పొద్దు వాలే వేళకు వరస పూర్తయింది. అన్ని అచ్చుల చిన్నవేళ్ళూ బల్లకు కుడిపక్కనున్న కిటికీ వైపే ఉన్నాయి.

"చీటీలు పన్నెండున్నాయండీ. అచ్చులు పదకొండే అయ్యాయి. ఒక్క ముక్క కూడా మిగల్లేదు," అన్నారు మాస్టారు, తన తప్పేమోనన్నట్టు. "అచ్చుల వెనక తేదీలు చూశాను, లేనిది మొదటిది."

మేడమ్ ఆ వరసను చాలాసేపు చూసింది. "ఎంత బాగా అతికించారు మాస్టారూ! అతక్కపోతే బాగుండేదేమో," అంది.

*

మంగళవారం పదింటికి నిధుల ఆఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో ఫైలు. హాల్లో డైరెక్టరు, బాబాయ్, కాంట్రాక్టరు కూర్చున్నారు. మేడమ్ నిలబడింది. బల్లమీద పదకొండు అచ్చుల మీద గుడ్డ కప్పి ఉంది.

"ముందు, ఇది బయటివాళ్ళ పని కాదు," మొదలుపెట్టింది. "ప్లాస్టరు పగిలితే పిండిలా పొడి రాలుతుంది. ఈ హాల్లో ముక్కలున్నాయి గానీ పొడి లేదు. పగలగొట్టింది వెనక గదిలో, గోనెసంచి మీద. తర్వాత నేల కడిగి, ముక్కలు మాత్రం తెచ్చి ఇక్కడ పోశారు. తూము దగ్గర ప్లాస్టరు పెచ్చు దొరికింది."

"అంత శ్రమ ఎందుకు?" అన్నాడు ఆఫీసరు.

ఆమె బీరువా పైకి చూపించింది. పిచ్చుక గూట్లోనే ఉంది. "ఇక్కడ సుత్తి దెబ్బలు వేస్తే అది గుడ్లు వదిలేసి పోయేది. పగతో వచ్చినవాడు పిచ్చుక గురించి ఆలోచించడు."

కాంట్రాక్టరు కాలుమీద కాలు వేసుకున్నాడు. "విన్నారా ఆఫీసరుగారూ?"

"మీ సంగతి వస్తుంది, ఉండండి." ఆమె గుడ్డ తీసింది. "మాస్టారూ, మీరు పిల్లలకి కాళ్ళ బొమ్మలు నేర్పేవారు కదా. ఇవి ఏ కాళ్ళు?"

మాస్టారు వంగి చూశారు. మొదట ఆశ్చర్యం, తర్వాత మిగతాది ఆయన మొహంలోకి మెల్లగా వచ్చాయి. "అన్నీ కుడికాళ్ళే," అన్నారు.

"పదకొండుసార్లు అడుగు వెతికితే పదకొండుసార్లూ వెనక కుడికాలే దొరికింది. ఏ జంతువూ ఒంటికాలి మీద అయిదేళ్ళు నడవదు. ఉన్న ఒక్క అచ్చునే ప్రతిసారీ బురదలో ఒత్తి, ఆ గుంటలో ప్లాస్టరు పోశారు. పన్నెండింటిలో నిజమైన అడుగు మొదటిదొక్కటే."

 బాబాయ్ లేచి నిలబడ్డాడు.

"నేనేనమ్మా. తాళంచెవి మేకుకే ఉంటుంది కదా. తీసుకెళ్ళి, పనయ్యాక కడిగి మళ్ళీ పెట్టేసేవాణ్ణి. అమ్మాయిగారు అచ్చు తీసిన ఆర్నెల్లకే అవి కనబడ్డం మానేశాయి. పది రోజులు గట్టంతా పాకి వెతికాను. లేవని చెప్తే నిధులుండవు, మేముండం, మర్నాడే లారీలు దిగుతాయి. ఈసారికి ఒత్తుదాం, పైసారికి వచ్చేస్తాయిలే అనుకున్నాను. ప్రతిసారీ అలాగే అనుకున్నాను." ఆయన తలపాగా గుడ్డ తీసి చేతిలో నలిపాడు. "నాకు రెండోకాలు లేకపోయింది. ఉన్నదే ఒత్తాను."

"ఆ మొదటి ఆర్నెల్లలో, ఈ అయిదు కిలోమీటర్లకు ఎగువన ఇసుక రేవు తవ్వించింది ఎవరు?" అడిగింది మేడమ్.

కాంట్రాక్టరు కాలు దించి, జేబులో ఫోను వెతుక్కున్నాడు.

"మరి పగలగొట్టింది?" అన్నాడు ఆఫీసరు.

"బాబాయ్ అయితే, అచ్చులన్నింటినీ పట్టిచ్చేది మొదటిదే కనక ముందు దాన్ని పొడి చేసేవారు. కానీ దాని ముక్క ఒక్కటీ లేదు. అది పగలగొట్టడానికి చెయ్యి రానివాళ్ళు వేరే ఉన్నారు. ఏదీ ముట్టుకోలేదని చెప్పినప్పుడు వాళ్ళ వాచీ పట్టీలో ప్లాస్టరు పొడి ఉంది." ఆమె డైరెక్టరు వైపు తిరగకుండానే అంది, "మాస్టారి జేబురుమాలు ఇంకా ఉతకలేదు."

డైరెక్టరు సంచి తెరిచింది. పాత తువ్వాలు మూట బల్లమీద పెట్టి విప్పింది. చిన్న అచ్చు, అంచులు అరిగిపోయి ఉంది. వెనక ఆమె చేతిరాతలో తేదీ, పక్కన ఒక చిన్న నవ్వు బొమ్మ.

"శనివారం వరసగా పేర్చాను, ఆఫీసరుగారికి బాగా కనబడాలని," అంది. "అప్పటిదాకా ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. బాబాయ్ ఇచ్చినదానికల్లా చీటీ అంటించి మూత పెట్టేదాన్ని. చూడగానే తెలిసిపోయింది. ఆయన్ని పట్టివ్వలేకపోయాను. మీకు చూపించలేకపోయాను. ఎవరో పగలగొట్టారంటే అందరూ బతికిపోతామనుకున్నాను." కాంట్రాక్టరు వైపు చూసింది. "చెయ్యని పని మీ మీద పెట్టాను. క్షమించండి."

"పర్లేదమ్మా," అన్నాడు అతను, నేల చూస్తూ. 

"మోకాళ్ళ నొప్పులని అబద్ధం చెప్పాను," ఆవిడ ఆగలేదు. "అంత నొప్పేం కాదు. ఏటి దగ్గరికి వెళ్తే రిపోర్టు ఆలస్యమయ్యేది. నీటికుక్కల గురించి నాలుగొందల పేజీలు రాశాను. అవి వెళ్ళిపోయాయని నాకు తెలీదు."

ఆఫీసరు ఫైలు తెరిచాడు, మూశాడు. "నేను మూడుసార్లు తనిఖీకొచ్చాను. పెట్టెలు లెక్కపెట్టి, టీ తాగి, సంతకం పెట్టి పోయాను. ఎడమో కుడో నేనూ చూడలేదు."

మేడమ్ కూర్చుంది. ఇలాంటప్పుడు ఆమె గెలిచినట్టు ఎప్పుడూ కనబడదని మాస్టారికి తెలుసు. "ఉద్యోగంలో ఉండగా ఒకసారి కవరు విప్పకుండానే వేలిముద్రలు కలిశాయని సంతకం పెట్టాను," అంది. "ఒకతను పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక నాకు నమస్కారం పెట్టాడు, నేనే విడిపించాననుకుని."

డైరెక్టరు ఆఫీసరు వైపు తిరిగి అడిగింది. "ఏం రాస్తారు సార్?"

"జరిగింది రాయాలి. పొడిగింపు ఆగిపోతుంది."

"రాయండి. కింద నేను సంతకం పెడతాను. బాబాయ్ పేరు నా పేరు తర్వాత రాయండి."

"వద్దమ్మా," అన్నాడు బాబాయ్.

"నువ్వూరుకో. నిన్నొక్కణ్ణే పంపింది నేనేగా."

కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఏరు..."

"ఇంకా మీది కాదు," అన్నాడు ఆఫీసరు. "ఫైలు మూసేముందు అధికారి స్వయంగా గట్టు చూడాలని రూలుంది. మూడుసార్లూ చూడకుండానే చూశానని రాశాను. అయిదు కిలోమీటర్లూ చూసేదాకా ఇసుక తవ్వకం మీద నిషేధం ఉంటుంది. ఇవాళే మొదలుపెడతాను."

వంగి బూట్లు విప్పుకున్నాడు. సాక్సుకు బొటనవేలి దగ్గర చిరుగు ఉంది. మాస్టారు చూపు తిప్పుకున్నారు.

బాబాయ్ అలవాటుగా ప్లాస్టరు సంచి భుజాన వేసుకోబోయి ఆగాడు. డైరెక్టరు దాన్ని తీసి తన భుజానికి తగిలించుకుంది. మెట్లు దిగేటప్పుడు తూలింది. ఆయన చెయ్యి చాపాడు. ఒక్క క్షణం ఆగి, పట్టుకుంది.

మేడమ్, మాస్టారు రెల్లు దాటి గట్టు అంచున నిలబడ్డారు. డైరెక్టరు, బాబాయ్, ఆఫీసరు ముగ్గురూ తలలు వంచుకుని నీటి వారగా వెతుకుతూ పోతున్నారు. 

"దొరుకుతాయంటారా?" అడిగారు మాస్టారు.

మేడమ్ గట్టు కింది బురద చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని కిందికి చూశారు. ముందున్న బురద నున్నగా ఉంది. వెనక మాత్రం, వాళ్ళు నడిచిన మేర, మూడు జతల అడుగులు. ఎడమా, కుడీ, మళ్ళీ ఎడమా. సంచి మోస్తూ కుంటుతున్న జత మిగతావాటికంటే లోతుగా దిగబడి ఉంది.