ఎడమ మూల మసి

మధ్యాహ్నం మూడు దాటింది. మ్యూజియం వెనక గదిలో కిటికీ ఎండ నేల మీద చాపలా పరుచుకుంది. పాత వార్నిషు వాసన. అక్క పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడిపి, పటాన్ని గోరంత గోరంత తుడుస్తోంది. పాత రంగుల మీది మురికికి ఉమ్మిని మించిన మందు లేదు.

పటం గోడంత ఉంది. యుద్ధం ముగిసిన మర్నాటి పొలం. బురదలో పదిహేడు శవాలు. వాటి మధ్య ఒక ఆడమనిషి వంగి, గుడ్డపేలికతో ఒక్కొక్కరి ముఖం తుడిచి చూస్తోంది. చిత్రకారుడు దేన్నీ దాచలేదు. ఈగల రెక్కలు కూడా లెక్కపెట్టొచ్చు. ఎడమ మూల మాత్రం చాటంత మసి మరక.

"ఆ మూల జోలికి పోకు," అన్నారు మాస్టారు, రిటైరవుతూ. పని నేర్పింది ఆయనే. చాదస్తం అనుకుంది అక్క.

ఫోన్ మోగింది. తమ్ముడు. సరిహద్దులో కాల్పులు ఆగి వాడికి సెలవు దొరికింది.

"నాలుగింటి బండికి దిగుతానక్కా. ఇంకా ఉమ్ముతోనే నెట్టుకొస్తున్నావా?"

"నోర్ముయ్యి. స్టేషన్లో కదలకుండా ఉండు, నేనొస్తా."

నవ్వుకుంటూనే మసి మీద దూది పెట్టింది.

బూటు బయటపడింది. మోకాలు. పద్దెనిమిదోవాడు... తర్వాత చెయ్యి. చిటికెనవేలు సగమే ఉంది.

పుల్ల ఆగిపోయింది. చిన్నప్పుడు తలుపు ధడాలున వేసి తమ్ముడి చిటికెనవేలు సగం తెగ్గొట్టింది తనే. పటం వయసు నూట పన్నెండేళ్లు. తమ్ముడికి ఇరవై నాలుగు.

చూడకుండా ఉండలేకపోయింది. ఇంకొక్క తుడుపు. గడ్డం... దాని మీద వాడి నొక్కు.

మాస్టారికి ఫోన్ చేసింది.

"ముఖం తెరిచావా?" గుసగుసగా అడిగారాయన.

"గడ్డం దాకా..."

"కళ్లు కనపడ్డాయంటే మనిషి పోయినట్టే. నల్లరంగు పుయ్యి. మందంగా."

"మీకెలా తెలుసు?"

"ఆ మసి పూసింది నేనే. అప్పుడక్కడ మా అన్న ఉన్నాడు."

"ఆయన బతికారా, మాస్టారూ?"



"చావలేదు," అని మాత్రం అన్నారు.

అక్క పెద్ద కుంచె తీసింది. గడ్డం, నోరు, ముక్కు, కళ్లు ఉండాల్సిన చోటు... మూడు పూతలు.

సరిగ్గా నాలుగింటికి ఫోన్.

"దిగానక్కా."

పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కానీ... ఏమీ కనపడటం లేదక్కా. మొహం మీద ఏదో తడిగా... నోట్లోకి పోతోంది... ఊపిరి... తుడువక్కా..."

ముక్కూ నోరూ చాలు. కళ్ల దాకా పోకూడదు. పుల్ల అందుకుని దూదిని నాలుక మీద పెట్టుకుంది. తడి లేదు. మళ్లీ పెట్టుకుంది. నోరు పిడచకట్టుకుపోయింది.

"అక్కా..."

పటం వైపు చూసింది. ఆ ఆడమనిషి ఇందాకటి చోట లేదు. ఎడమ మూలలో, నల్లరంగు పక్కన మోకరిల్లి ఉంది. ఆమె పెదవులు తడిగా మెరుస్తున్నాయి. పేలికను సరిగ్గా వాడి కళ్లున్న చోటే ఆనించింది.