ఉప్పు లేని పచ్చిపులుసు

"హిట్స్ ద స్పాట్, మహితగారూ" అన్నాడు తోటి ఉద్యోగి ప్రవీణ్‌కుమార్, మహిత తెచ్చిన పచ్చిపులుసు అన్నం ఆఖరి ముద్ద మింగి.

గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అందరూ డబ్బాలు పంచుకుని తింటారు. క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసే మహిత మాత్రం ఎవరి మాటనూ పరీక్షించకుండా నమ్మదు.

"అంటే ఏంది?"

"ఆ క్షణానికి మన ప్రాణం దేన్ని కోరుకుంటుందో సరిగ్గా అదే దొరికితే అలా అంటారు. తృప్తి అన్నమాట."

ఆమె మనసు పొంగిన మాట నిజం. కానీ సాయంత్రం వానలో, క్యాంటీన్ పోచయ్య ఇచ్చిన నీళ్లలాంటి టీ తాగి కూడా అతను అదే మాట అన్నాడు. ఆ టీని పోచయ్యే తాగడు!

అంటే అందరి దగ్గరా ఇదే పాటా? మహితకి ఒళ్లు మండింది. ఆదివారం పెళ్లిచూపులకి సిద్దిపేట వాళ్లను రమ్మనాలా వద్దా అని తండ్రి సత్తయ్య రెండు రోజులుగా అడుగుతున్నాడు. ఈ మాటకారిని నమ్మి వద్దనడమా?

మర్నాడు పచ్చిపులుసులో ఆమె కావాలనే ఉప్పు వేయలేదు. ల్యాబ్‌లో తెలిసీ తప్పు శాంపిల్ పంపి, పరీక్షించేవాళ్లనే పరీక్షిస్తారు. ఇదీ అంతే.

ప్రవీణ్ ఒక ముద్ద తిని ఆగాడు.

"ఉప్పు లేదండీ."

"నిన్నటి మాట అనరా?"

"ఎలా అంటాను? బాగోలేదు."

"పోచయ్య టీ బాగున్నదా మరి? దానికి అన్నరు గదా."

"టీ ఘోరం. కానీ అప్పుడు తడిసి వణికిపోతున్నాను, వేడిగా ఏదో ఒకటి కావాలనిపించింది. ఆ మాట రుచిని బట్టి కాదు, అవసరాన్ని బట్టి అంటారు." గొంతు తగ్గించాడు. "ఉప్పు మీరు మర్చిపోయే మనిషి కాదు. నన్నే పరీక్షిస్తున్నారు కదూ?"

మహిత బల్ల మీది ఉప్పు డబ్బాను అతని వైపు జరిపింది.

"మీరంటే నాకు ఇష్టం" అన్నాడు ప్రవీణ్. "నెల రోజులుగా ఇంగ్లీషు వెనక దాక్కుంటున్నా. తెలుగులో చెప్తే ఇంకా అనుమానిస్తారని భయం."

"అనుమానిస్త. పెళ్లయినంక గూడ అనుమానిస్త. పర్లేదా?"

"పర్లేదు."

ఆమె వెంటనే ఫోన్ తీసింది.

"నాయినా, ఆదివారం సిద్దిపేట వాళ్లను రమ్మనకు. వేరే ఆయన వస్తడు... మంచిగ మాట్లాడతడా అంటే ఏమో గని, అబద్ధమైతే ఆడడు."