రాకుమారుడు మూడుసార్లు నవ్వాడు

నలభై ఏళ్ళుగా తైనాన్‌లో చేప గంజి అమ్ముతున్నాను. చేపల మార్కెట్టులో నాతో బేరమాడి గెలిచినవాళ్ళు తక్కువ. ఎక్కువ చెప్పేవాళ్ళని చూశాను, ఏడ్చి అమ్మేవాళ్ళని చూశాను, తిట్టి అమ్మేవాళ్ళనీ చూశాను. కాని డబ్బు చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడితే "ఇది మీకు అమ్మను" అన్నవాణ్ణి బోరెన్ ఒక్కణ్ణే చూశాను.

ఆ రోజు నన్ను వెంటబెట్టుకు వెళ్ళింది మా మాన్‌యున్, నా కూతురి కూతురు. ఇరవై రెండేళ్ళ పిల్ల, టీ దుకాణంలో పని. రైల్వే స్టేషన్ వెనక పాత వాయిద్యాల కొట్టు ఒకటుంది. అక్కడ అద్దాల వెనక ఒక డీజే కంట్రోలర్ని చూసి వచ్చింది మొదలు దానికి వేరే ధ్యాస లేదు. రెండు గుండ్రటి పళ్ళేలు, మధ్యన లెక్కలేనన్ని మీటలు, వాటి నిండా లైట్లు. లాప్‌టాప్‌కి తగిలిస్తే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి అతుకు తెలియకుండా వెళ్ళిపోవచ్చట.

ఇదంతా మా వీధి గుడి కోసం. మా గుడిలో కొలువున్నది మూడో రాకుమారుడు. పిల్లాడు దేవుడు. అందుకే ఆయన ముందు చాక్లెట్లు, పాల సీసాలు పెడతాం. ఆయన రూపంలో పెద్ద పెద్ద బొమ్మ తలలు తగిలించుకుని ఊరేగింపులో ఆడే కుర్రాళ్ళకి డోలు ఒక్కటే చాలదు, డిస్కో పాటలు కూడా కావాలి. ఇన్నాళ్ళూ ట్రక్కు మీద పాటలు వేసినాయన తైపేకి కాపురం మార్చేశాడు. నేను వేస్తానని మాన్‌యున్ ముందుకొచ్చింది. గుడి చూసుకునే హ్వోటూ ఒప్పుకున్నాడు గాని, స్వామి పుట్టినరోజుకి వారం ముందు తనకి వేసి వినిపించాలనీ, బాగులేకపోతే వేరే ఊరి మనిషిని పిలుస్తాననీ చెప్పాడు. మా పిల్ల చేతిలో ఉన్నవి ఏడు వారాలు, ఎనిమిది వేలు.

కొట్లో ఆ కంట్రోలర్ని నేను చేపని చూసినట్టే చూశాను. పళ్ళేలు నొక్కాను, మీటలు కదిపాను, వైరు కాలిన వాసనేమైనా వస్తోందేమోనని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చీటీ మీద పన్నెండు వేలుంది. నేను ఏడు దగ్గర మొదలుపెట్టాను. కొట్లో పనిచేసే అబ్బాయి నావైపు చూడనేలేదు. సన్నగా, కళ్ళజోడుతో ఉన్నాడు. అతనే బోరెన్.

"ఇదివరకు వాయించారా?" అని మాన్‌యున్‌ని అడిగాడు.

"లేదు. నేర్చుకుంటాను."

"లాప్‌టాప్ ఎలాంటిది?"

"మా అన్నయ్య వాడి ఇచ్చింది. ఆరేళ్ళయింది."

"అయితే ఇది మీకు అమ్మను."

దీనికి నాలుగు ఛానళ్ళు, ఒకేసారి నాలుగు పాటలు నడపచ్చు, మీకు రెండు చాలు అన్నాడు. సాఫ్ట్‌వేర్ మళ్ళీ విడిగా కొనాలట, ఆ పాత లాప్‌టాప్ దీన్ని మొయ్యలేదట. కింద అరలోంచి కూరలు తరిగే చెక్కంత పెట్టె ఒకటి తీశాడు. అదీ వాడినదే, ఆరున్నర వేలు. సాఫ్ట్‌వేర్ దాంతోనే వస్తుంది. హెడ్‌ఫోన్ తగిలించుకునే చోటు ఉంది, అది లేని చవక రకాల జోలికి మాత్రం పోవద్దన్నాడు. మిగిలిన పదిహేను వందలూ హెడ్‌ఫోన్ మీద పెట్టమన్నాడు.

"ఇది బొమ్మలా ఉంది," అంది మాన్‌యున్. "దీన్ని ట్రక్కు మీద పెట్టుకుని నించుంటే ఉల్లిపాయలు తరుగుతున్నాననుకుంటారు."

"జనం పాట వింటారు. పెట్టెని ఎవరూ చూడరు."

"ఆడపిల్లననేగా చిన్నది చూపిస్తున్నారు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. కాదన్నాడు, అంతే. ఎందుకో చెప్పలేదు.

ఊరుకోలేక హెడ్‌ఫోన్ దేనికని నేనడిగాను. ఒక చెవికి పెట్టి వినిపించాడు. బయట ఒక పాట మోగుతోంది, చెవిలో ఇంకోటి. రాబోయే పాటని మనం ముందు విని, సరిచూసుకుని, అప్పుడు జనంలోకి వదలాలట. గిన్నెలో వడ్డించే ముందు గరిటెతో రుచి చూడటమేగా అన్నాను. "ఇంత బాగా నాకెవరూ చెప్పలేదమ్మమ్మా," అన్నాడు. మాన్‌యున్ నా మోచెయ్యి గిల్లి, నువ్వెవరి వైపని గొణిగింది.

బయటకొచ్చేసరికి వాన. సన్నగా మొదలై, మేం మెట్టు దిగగానే ఎవరో పురమాయించినట్టు జోరందుకుంది. బోరెన్ పరుగెత్తుకొచ్చి గొడుగు చేతిలో పెట్టాడు. ఎప్పుడిమ్మంటారని మా పిల్ల విసురుగా అడిగితే, ఎప్పుడైనా అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతను వానలో తడుస్తున్నాడని అతనికి తెలియదు. మా పిల్లకి మాత్రం తెలిసింది. గొడుగు చాటునించి రెండుసార్లు వెనక్కి చూసింది.

మర్నాడు గొడుగు ఇచ్చి రావడానికి వెళ్ళి, దాన్ని మళ్ళీ ఇంటికి తెచ్చేసింది. మరిచిపోయానంది. అలా రెండు వారాల్లో ఆ గొడుగు నాలుగుసార్లు స్టేషన్ దాకా వెళ్ళి వచ్చింది. వెళ్ళినప్పుడల్లా కొట్లోనే ఆ చిన్న పెట్టె మీద చేతులు ఆడించేదట. పెద్దదే కొంటానని మాత్రం పట్టు వదల్లేదు. ఇతనూ అమ్మనని పట్టు వదల్లేదు. ఇద్దరి పోట్లాట గురించి రోజూ నాకు గంటసేపు చెప్పేది. అంత ఇష్టంగా పోట్లాట గురించి చెప్పేవాళ్ళని నేను చూడలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఏడుపు మొహంతో వచ్చింది. అద్దాల వెనక పెద్ద కంట్రోలర్ లేదు. బోరెన్ సెలవులో ఉన్నాడు, అతనే దాన్ని తీసేశాడని కొట్టు యజమాని చెప్పాడట.

"నాకు పనికిరాదని చెప్పి, డబ్బున్నవాళ్ళకి అమ్ముకున్నాడు," అంది. "రేపే కావోష్యుంగ్ వెళ్ళి అలాంటిదే వాయిదాల మీద తెచ్చుకుంటాను."

దాని జీతం నాకు తెలుసు. వాయిదాలు కడితే అది ఏడాదిపాటు నా గంజి మీదే బతకాలి. పైగా ఆ లాప్‌టాప్ నిజంగానే మొయ్యకపోతే హ్వోటూ ముందు ఏం వినిపిస్తుంది? రాకుమారుణ్ణి అడుగుదాం పదమన్నాను.

మా గుడిలో అడగడమంటే అర్ధచంద్రాల్లాంటి రెండు చెక్కబిళ్ళలు నేల మీద వెయ్యడం. ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. ఒకటి చదును పైకి, ఒకటి బోర్లా పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. రెండూ చదునుగా పైకి చూస్తే స్వామి నవ్వాడని అర్థం, మన ప్రశ్న ఆయనకి అర్థం కాలేదని. పేరు, వీధి, పిల్ల పుట్టినరోజు అన్నీ చెప్పుకుని వేశాను. నవ్వాడు. మళ్ళీ వేశాను. నవ్వాడు. మూడోసారీ నవ్వాడు.

ధూపం పాత్ర తుడుస్తున్న హ్వోటూ తలెత్తాడు. "ఏమడుగుతున్నావక్కా?"

"ఆ అబ్బాయి చెప్పిన చిన్న పెట్టె కొనాలా, ఆ అబ్బాయి మంచివాడేనా అని."

"అవి రెండు ప్రశ్నలు. పిల్లాడు దేవుడితో అలా మాట్లాడితే ఎలా? ఒక్కొక్కటే అడుగు."

ఇన్నేళ్ళుగా అడుగుతున్నదాన్ని, అలాంటి పొరపాటు ఎన్నడూ చెయ్యలేదు. నా మనసులో ఆ రెండూ ఒకటే అయిపోయాయి మరి.

"అతని సంగతి ఎందుకడిగావు?" అంది మాన్‌యున్, చిన్న గొంతుతో.

"నువ్వు అడగవేమోనని."

పెట్టె సంగతి మొదట అడిగాను. మూడుసార్లూ సరేనన్నాడు. మళ్ళీ బిళ్ళలు తీసుకోబోతే మా పిల్ల నా గుప్పిట మూసేసింది.

"వద్దమ్మమ్మా. రెండోది నేను అతన్నే అడుగుతాను."

మర్నాడు వెళ్ళింది. నేనూ వెళ్ళాను. నన్నెవరూ రమ్మనలేదు.

పెద్దది ఎవరికి అమ్మారని అడిగింది. బోరెన్ లోపలికి వెళ్ళి దాన్నే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఎవరికీ అమ్మలేదు. ఇది నాదే. నా మొదటి కంట్రోలర్," అన్నాడు. "అన్నిటికన్నా పెద్దదే కావాలని కొన్నాను. రెండేళ్ళు దాని లైట్లు చూస్తూ కూర్చున్నాను. అన్నీ ఒకేసారి నేర్చుకోబోయి ఏదీ నేర్చుకోలేదు. చివరికి అమ్మకానికి పెట్టాను. మీరొచ్చి దాన్ని అచ్చం నాలాగే చూశారు. ఇంకెవరూ అలా చూడకూడదని తీసేశాను."

"ఆ మాట మొదటిరోజే చెప్పచ్చుగా?"

"నాకు వాయించడం చేతకాలేదని మొదటిరోజే చెప్పాలనిపించలేదు."

"ఏం?"

అతను నావైపు చూశాడు. నేను గోడకున్న గిటార్ని కొనేదానిలా పరీక్షగా చూడటం మొదలుపెట్టాను.

"మీకు నచ్చాలనుకున్నాను," అన్నాడు.

మా పిల్ల సంచీలోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టింది.

"చిన్నదే ఇవ్వండి. మధ్యాహ్నం రెండింటికి మా గంజి కొట్టు మూసేస్తాం. రోజూ అక్కడికి రండి, ఇద్దరం నేర్చుకుందాం. దీనికి రెండు పళ్ళేలున్నాయిగా, ఒకటి మీది."

ఇక హెడ్‌ఫోన్ మీద మూడొందలు తగ్గించే పని నాకు మిగిలింది. ఈసారి అతను అసలు ఎదురు చెప్పలేదు. అలా గెలవడం నాకేమీ బాగా అనిపించలేదు.

మూడు వారాలు మా గంజి కొట్లో బల్లలు అదిరిపోయాయి. మొదటి వారం ఒక పాట ఇంకో పాటని గుద్దుకునేది. రెండో వారం పక్కకి తప్పుకునేది. మూడో వారం ఎప్పుడు మారిందో నాకు తెలియలేదు. ఈలోపు వాళ్ళిద్దరి మధ్యా "మీరు" పోయి "నువ్వు" వచ్చింది, అదీ ఎప్పుడు మారిందో తెలియలేదు. హ్వోటూ వచ్చి కళ్ళు మూసుకుని విన్నాడు. డోలు ఇంకొంచెం పెంచమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన మెచ్చుకోవడమంటే అదే.

స్వామి పుట్టినరోజున ఊరేగింపు మా కొట్టు ముందు ఆగింది. వీధంతా పాటకి ఊగుతోంది. ట్రక్కు మీద మాన్‌యున్ ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, పళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడింది. పక్కనున్న బోరెన్ పొద్దుటినించీ ఏమీ తినలేదని కిందికి పిలిచి గంజి పెట్టాను. చేప పొట్ట ముక్క మెత్తగా, వెన్నలా ఉంటుంది. మా ఇంట్లో అది ఇంటివాళ్ళకే వేస్తాం. అతనికి వేశాను.

"ఇంత పెద్ద ముక్క నాకా అమ్మమ్మా?" అన్నాడు.

"నీకే. చల్లారిపోతుంది, తిను."

పైనించి మాన్‌యున్ ఆ గిన్నెలోకి చూసింది. పాట ఒక్క దరువు తప్పింది. ఆడుతున్న కుర్రాళ్ళెవరూ గమనించలేదు. మళ్ళీ అందుకుంది, ఇందాకటికన్నా హుషారుగా.