కారణం రాయని సెలవు

మా మరిదిలాంటి మనిషి పగవాడింట్లో కూడా ఉండకూడదు. ఆరేళ్ళలో ఒక్క సెలవు పెట్టలేదు. జ్వరమొచ్చినా ఫ్యాక్టరీకే. ఇంట్లో ఉంటే నా వంటకి వంకలు పెడతాడు కాబట్టి నాకూ పెద్ద బెంగ లేదనుకోండి.

కళ్ళజోళ్ళ అద్దాలు చేసే ఆ ఫ్యాక్టరీలో అతను సూపర్‌వైజరు. జీతంతో కూడిన సెలవులు అందరికీ ఉన్నా, అడిగినవాళ్ళని దొంగల్ని చూసినట్టు చూస్తాడు. అద్దాలు సానపట్టే అమ్మాయి ఒకామె శుక్రవారం సొంత సెలవు కావాలని కాగితమిచ్చింది. కారణం దగ్గర ఖాళీ. రాయమని రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి ఆమె రూల్సు పుస్తకమే తెచ్చి బల్లమీద తెరిచిందట.

"సొంత సెలవుకి కారణం చెప్పక్కర్లేదు సార్. చదవడం వచ్చుగా?"

పని ఎక్కువుందని సంతకం పెట్టలేదు మావాడు.

అప్పట్నుంచి ఆమె మాట్లాడటం మానేసింది. అంతకుముందు రోజుకి నాలుగుసార్లు పోట్లాడుకునేవారు. ఆ పోట్లాటలన్నీ భోజనం దగ్గర నాకు అప్పజెప్పేవాడు. ఇప్పుడు అన్నం కెలికి లేచిపోతున్నాడు.

"ఆమె ఎక్కడికెళ్తే నీకెందుకయ్యా?" అన్నాను.

"ఎవరైనా ఉన్నారేమో వదినా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. నాకు నెలకి సరిపడా కాలక్షేపం దొరికింది.

ఈలోగా ఆమె మేనేజరు దగ్గరికే వెళ్ళి సోమవారానికి సెలవు సాధించుకుంది. అదే రోజుకి మావాడూ జన్మలో మొదటి సెలవు పెట్టాడు. ఒంట్లో బాగానే ఉందా అని మేనేజరు కంగారుపడ్డాడట. ఆమె ఇంటికి ఒంటరిగా వెళ్ళే ధైర్యం చాలక నన్నూ లాక్కెళ్ళాడు.

పదిన్నరకి ఆమె తలుపు తీసింది. రేగిన జుట్టు, బుగ్గ మీద దిండు గీతలు.

"సెలవు రోజు కూడా వదలరా సార్?"

"ఎక్కడికీ వెళ్ళలేదా?"

"నిద్రపోడానికి పెట్టాను. ఆ శుక్రవారమూ అందుకే. అది రాస్తే ఇచ్చేవారా?"

వెనకనుంచి మరిదిని ఒక్క పోటు పొడిచాను.

"పని ఎక్కువుందని అబద్ధమాడాను," అన్నాడు. "మీరు ఎవర్ని చూడ్డానికి వెళ్తున్నారోనని భయమేసింది. ఎవరూ ఉండకూడదనిపించింది, నేను తప్ప. కానీ సెలవు మీ హక్కు. ఆపడం తప్పే."

ఆమె నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసింది. అతన్ని గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఇంకోసారి చెప్పండి. మా అమ్మ వంటింట్లో ఉంది. రోజూ మీ కబుర్లే విని విసిగిపోయింది పాపం, ఇది కూడా విననివ్వండి."

"తప్పు నాదేనండీ," అన్నాడు మా మరిది, వంటింటికి వినబడేలా.